పదకొండు మంది కోసం బిర్కత్ అల్ అవామిర్ దాకా: ముగ్గురు కోచ్‌ల దోహా శుక్రవారం

ఈ పోస్టు ఇప్పుడే రాయాల్సి రావడానికి కారణం మా పీడీ సారు. వచ్చే నెల దోహాలో జరిగే ఫుట్‌బాల్ కోచింగ్ కోర్సుకు మన వైపు నుంచి ఇంకో రెండు కాలేజీల వాళ్ళు వెళ్తున్నారు. వాళ్ళు మా అనుభవం తెలుసుకోవాలని సారుకు ఫోన్ చేస్తున్నారు. సారు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబుతున్నారు. మొన్న స్టాఫ్ రూములో నా చెవిన పడిన కథలోనైతే, ఆ శుక్రవారం నేను జ్వరంతో హోటల్లో పడుకుని ఉన్నాను. నాకు జ్వరం రాలేదు. ఆ కథ నమ్ముకుని విమానం ఎక్కేవాళ్ళు ఇబ్బంది పడతారు కాబట్టి, జరిగింది జరిగినట్టు, ఛార్జీలతో సహా రాస్తున్నాను.

అనంతపురం జిల్లాలో మాది చాలా చిన్న డిగ్రీ కాలేజీ. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు ముగ్గురం స్టాఫ్. ఫిజికల్ డైరెక్టర్ కాబట్టి పీడీ సారు హెడ్ కోచ్. కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే బాషా అన్న గోల్‌కీపర్ కోచ్. నేను అదే జట్టులో ఆడి, చదువయ్యాక అసిస్టెంట్ కోచ్‌గా చేరాను. అంటే నీళ్ళ క్యాను మోయడం, ప్లాస్టిక్ కోన్లు సర్దడం. ఈ ఏడాది నుంచి కాలేజీల పోటీల్లో కొత్త నియమం వచ్చింది. కోర్సు పాసైన మహిళా కోచ్ లేకపోతే అమ్మాయిల జట్టును దించనివ్వరు. మన దగ్గర కోర్సులో సీటు వచ్చే ఏడాదికి గానీ లేదు. అప్పటికి మా జట్టులో సగం మంది డిగ్రీ ముగించి వెళ్ళిపోతారు. దోహాలో ఉద్యోగం చేస్తున్న మా కాలేజీ పాత విద్యార్థి ఒకాయన అక్కడి కోర్సు సంగతి చెప్పి, మా ముగ్గురి ఫీజూ తానే కట్టాడు. నేను పాసైతే పిల్లలు ఆడతారు, ఫెయిలైతే గ్యాలరీలో కూర్చుని చూస్తారు.

హైదరాబాద్ నుంచి దోహాకు విమానం నాలుగు గంటలు. మాకు వీసా దిగాక ఇచ్చారు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ చూపించమన్నారు. ఈ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు మీరే సరిచూసుకోండి. మేము ముషైరిబ్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో దిగాం. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పే పని చిన్నప్పటి నుంచీ నాదే. ఆ అలవాటు కొద్దీ కోర్సు వాళ్ళు పంపిన పేజీలన్నీ విమానంలో రెండుసార్లు చదివాను. సారు మధ్యాహ్న భోజనం గురించి ఉన్న పేజీ చదివి పడుకున్నారు.

తరగతులు మెసైమీర్‌లోని ఒక మైదానం పక్కన జరిగాయి. గురువారం సాయంత్రం, ట్యునీసియా నుంచి వచ్చిన మా ఇన్‌స్ట్రక్టర్ చల్లగా ఒక మాట చెప్పాడు. ప్రాక్టికల్ పరీక్షకు రావాల్సిన స్థానిక కాలేజీ కుర్రాళ్ళకు పరీక్షలు పడ్డాయి, వాళ్ళు రారు. రేపు సాయంత్రం నాలుగింటికల్లా ఎవరి ఆటగాళ్ళను వాళ్ళు తెచ్చుకుంటే పరీక్ష పెడతాడు, లేనివాళ్ళు వచ్చే బ్యాచ్‌తో రావాలి. ఇంకో విమాన టికెట్టుకు మా కాలేజీ ఒప్పుకోదని ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం పొద్దున ముషైరిబ్‌లో ఒక కరక్ టీ కొట్టు ముందు నిలబడ్డాం. కరక్ అంటే యాలకులు వేసి చిక్కగా మరిగించిన టీ. నాకు అది చాలా నచ్చింది, కానీ ఆ పూట రుచి తెలియలేదు. సూక్ వాకిఫ్ అనే పాత బజారు వైపు నడిచే టూరిస్టుల్లో కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళను ఆపి అడుగుదామన్నది సారు ఆలోచన.

"సారూ, పోలీసులను పిలుచ్చారు," అన్నాడు బాషా అన్న.

"మరేం జేచ్చాం రా? పదకొండు మందిని యాడినుంచి తెచ్చేది?"

పక్కన టీ తాగుతున్న ఒకాయన మా వైపు తిరిగాడు. "తెలుగోళ్ళా? పదకొండు మంది దేనికి సార్?"

ఆయన పేరు గంగారాం. జగిత్యాల వైపు పల్లెటూరు. ఇక్కడ పెద్ద సైట్లో క్రేన్ కింద బరువులు కట్టే గ్యాంగుకు లీడ్‌మ్యాన్. ఫోన్ ఛార్జరు కొనుక్కోవడానికి పట్నంలోకి వచ్చాడు. మా కష్టం విని గ్లాసు పక్కన పెట్టాడు.

"మా క్యాంపుల మస్తుమందిమి ఉన్నం మేడం. కనీ ఫుట్‌బాల్ ఎవ్వనికీ రాదు. కబడ్డీ అయితే ఆడుతం."

"మేము నేర్పిస్తాం అన్నా. అదే పరీక్ష," అన్నాను.

"పైసలేమన్న ఇస్తరా?"

సారు జేబులు తడుముకున్నారు. గంగారాం నవ్వాడు. "ఫులూస్ మాఫీ, పైసల్లేవా? సరే తియ్. బిర్యానీ పెట్టుండ్రి, చాలు. యల్లా, పోదాం పాండ్రి."

శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, గుర్తుంచుకోండి. రెడ్ లైనులో చివరి స్టేషన్ అల్ వక్రా దాకా మనిషికి రెండు రియాల్స్. అక్కడినుంచి బిర్కత్ అల్ అవామిర్‌కు ట్యాక్సీకి ముప్పై అయిదు అయ్యింది. డ్రైవరు పెషావర్ ఆయన. మేము ఫుట్‌బాల్ కోచ్‌లమని తెలిసి అద్దంలోంచి జాలిగా చూశాడు. "క్రికెట్ కోచ్‌లైతే పదకొండు మందిని నేనే తెచ్చేవాణ్ణి," అన్నాడు హిందీలో. "అంపైర్‌గా కూడా నేనే ఉండేవాణ్ణి."

బిర్కత్ అల్ అవామిర్‌లో చూడటానికి టూరిస్టులకేమీ లేదు. గోడౌన్లు, లారీలు, వరసగా కార్మికులు ఉండే క్యాంపు భవనాలు. నేను లోపలికి వెళ్ళలేదు, గేటు ఎదురుగా కిరాణా కొట్టు నీడలో కూర్చున్నాను. బాషా అన్న జుమ్మా నమాజుకు వెళ్ళి వచ్చేసరికి గంగారాం మనుషులను పోగేశాడు. సెలవు రోజు కదా, ఒకరు సగం గడ్డంతో, ఇంకొకరు తడి బట్టల బకెట్టుతో బయటికి వచ్చారు. నర్సయ్య అనే ఆయన వీడియో కాల్ మాట్లాడుతూనే నడిచాడు. ఫోన్లోంచి వాళ్ళమ్మ గొంతు మా అందరికీ వినిపించింది (ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే): "దుబాయ్ల గా పనులు చాలక ఆటలు గూడ ఆడిపిస్తుండ్రారా?"

పదకొండో మనిషి దొరకలేదు. చివరికి, క్యాంపుకు రాగానే లుంగీ కట్టుకున్న గంగారాం తనే మళ్ళీ ప్యాంటుతో వచ్చాడు. శుక్రవారాల్లో క్యాంపు వాళ్ళను బజారుకు తిప్పే మినీబస్సు మాట్లాడుకున్నాం. రానూ పోనూ, ఆగి ఉన్నందుకూ కలిపి రెండు వందల రియాల్స్, ముగ్గురం పంచుకున్నాం. బస్సు మెసైమీర్ మైదానం ముందు ఆగాక గమనించాను, పదకొండు మంది కాళ్ళకూ ఇనుప ముక్కు సేఫ్టీ బూట్లున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ అవి విప్పించాడు. కృత్రిమ గడ్డి మెత్తగానే ఉంది కాబట్టి వట్టి కాళ్ళతో దిగారు. గోల్‌కీపర్‌గా నిలబెట్టిన నర్సయ్య మాత్రం ఒకటే అడిగాడు: "హెల్మెట్ వద్దా మేడం? పక్కానా?"

స్టాఫ్‌కు పల్చటి జాకెట్లు ఇచ్చారు. సారు ఎరుపు తీసుకున్నారు, బాషా అన్న నీలం. మిగిలిన ఆకుపచ్చది నాకు వచ్చింది. మాకు అరగంట సమయం. ఇన్‌స్ట్రక్టర్ గడియారం చూసి తలూపాడు. సారు మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుని, మా కాలేజీ గోడలు అదిరేటట్టు ఊదుతారే, అట్లా ఊదారు.

పదకొండు మందీ తలలు పైకెత్తి, ఆకాశం చూస్తూ, మైదానం మధ్యలోంచి గీత అవతలికి పరుగెత్తారు.

"ఏమప్పా, యాడికి పోతాండారు? మధ్యకు రాండి!" సారు మళ్ళీ ఊదారు. వాళ్ళు కంచె దాకా వెళ్ళిపోయారు.

గంగారాం అక్కడినుంచే అరిచాడు: "సార్, మీరు ఊదుడు బంద్ జేస్తే వస్తం! సైట్ల విజిల్ పడ్డదంటే నెత్తిమీదికెళ్ళి లోడు పోతున్నట్టు! కింద నిలవడితే సస్తం!"

"సారూ, పైన ఏమీ లేదని చెప్పండి వాళ్ళకు," అన్నాడు బాషా అన్న. చెబుతూ తను కూడా ఒకసారి పైకి చూశాడు.

సారు వాళ్ళను కూర్చోబెట్టి, ఇది ఆట విజిల్, క్రేన్ విజిల్ కాదు అని ఓపికగా వివరించారు. అందరూ "సమజైంది సార్" అన్నారు. సారు ఊదారు. తొమ్మిది మంది పరుగెత్తారు. ఇద్దరు పంటి బిగువున నిలబడ్డారు గానీ వాళ్ళ మెడలు పైకే ఉన్నాయి. "మా కాళ్ళు మా మాట ఇంటలేవు సార్," అన్నాడు గంగారాం, నిజంగానే బాధపడుతూ. మా అరగంటలో మూడో వంతు అయిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ ఏదో రాసుకుంటున్నాడు.

నీళ్ళు తాగండని పిలవడానికి నేను చెయ్యి ఎత్తాను. పదకొండు మందీ ఠక్కున నిలబడి నా వైపు చూశారు. చెయ్యి నా వైపుకు ఊపాను. అడుగు తేడా లేకుండా కదిలి వచ్చారు.

"మా సైట్ల పచ్చ జాకెట్ ఏసుకున్నోడే సిగ్నల్ మనిషి," అన్నాడు గంగారాం. "ఆయన చెయ్యి చూపెడితేనే లోడు లేస్తది, దిగుతది. మీరు చూపెట్టుండ్రి మేడం, మేం చేస్తం."

ఆ మాట సారుకూ వినిపించింది. మా కాలేజీలో సారు విజిల్‌ను ప్రిన్సిపాల్ కూడా ముట్టుకోరు. అయినా వెళ్ళి అడిగాను.

"సార్, ఆ విజిల్ నాకివ్వండి."

"నువ్వు ఊదుతావా?"

"లేదు సార్. జేబులో పెట్టుకుంటాను."

"ముప్పై ఏండ్లుగా ఈ విజిల్ నా మెడలో ఉంది, సుంకమ్మా."

"తెలుసు సార్. మన పిల్లలు ఈ ఏడు ఆడాలంటే ఇవ్వాలి సార్."

సారు మెడలోంచి తీశారు. చొక్కాకు తుడిచి ఇచ్చారు.

ఆ తర్వాతి ఇరవై నిమిషాలు నా చేతులు నావి కావు. బంతి ఒకరి నుంచి ఒకరికి అందించే అభ్యాసం చేయించాను. నేను చెయ్యి చాపిన వైపే బంతి పోయింది. దాన్ని వాళ్ళు తన్నడం లేదు, దించుతున్నారు. "మెల్లగ దించు, మెల్లగ!" "దిగింది, దిగింది, కొక్కెం ఇప్పు!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక్క బంతి కూడా గీత దాటలేదు. మా అమ్మాయిలు ఎప్పుడూ అంత జాగ్రత్తగా ఆడలేదు. చిక్కల్లా ఒక్కటే, ఎవరూ గోల్ వైపు వెళ్ళడం లేదు. సారు ఆగలేక "గోల్ కొట్టండప్పా!" అని అరిచారు. అందరూ నన్ను చూశారు. నేను రెండు చేతులూ గోల్ వైపు చాపాను. పది మంది బంతిని చుట్టుముట్టి, ఊరేగింపులా నడిపించుకుంటూ వెళ్ళారు. గోల్‌లో ఉన్న నర్సయ్య మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

బాషా అన్న తల పట్టుకున్నాడు. "పట్టుకోవాల్సింది పోయి పక్కకు జరుగుతావేందన్నా?"

"లోడు వస్తుంటే అడ్డముంటరా సార్?"

ఇన్‌స్ట్రక్టర్ కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత నన్ను పిలిచి, విజిల్ ఎందుకు తీసుకున్నావని అడిగాడు. వాళ్ళు దానికి భయపడుతున్నారు, భయపడేవాళ్ళు నేర్చుకోలేరు అన్నాను. నా ఇంగ్లీషులో అది ఎట్లా వినిపించిందో తెలియదు.

బిర్యానీ మైదానం పక్క వీధిలోనే తిన్నాం. బస్సులో సారుకు విజిల్ తిరిగి ఇచ్చాను. వెంటనే మెడలో వేసుకుని చొక్కా లోపలికి తోసుకున్నారు.

శనివారం ఫలితాలు చెప్పారు. నేను పాసయ్యాను. సారు, బాషా అన్న ప్రాక్టికల్ మళ్ళీ చేయాలి. మా కెప్టెన్‌కు మెసేజ్ పెడితే ఒకటే జవాబు వచ్చింది: "అక్కా, ప్రాక్టీసు సోమవారమా, మంగళవారమా?" ఆ రోజు సాయంత్రమే జట్టు పేరు పోటీలకు వెళ్ళింది. సారు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి "మన స్టాఫ్ పాసయ్యింది" అన్నారు. పక్కనే ఉన్న నేను సరిదిద్దలేదు. నిజానికి అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. వాళ్ళిద్దరూ లేకపోతే ఆ మైదానం దాకా నేను వెళ్ళేదాన్నే కాదు.

ఇన్నేళ్ళూ జట్టును నడిపించడమంటే గట్టిగా అరవగలగడం అనుకున్నాను. అరిచే గొంతు నాకు లేదని లోలోపల బెంగగా ఉండేది. ఆ రోజు పదకొండు జతల కళ్ళు నా చేతి మీద ఉన్నప్పుడు, చెయ్యి ఊరికే కదిలించడానికి కూడా భయమేసింది. తప్పు వైపు చూపిస్తే తప్పు వైపే వెళ్తారు కదా. ఇప్పుడు మా పిల్లల ముందు నిలబడినా ఆ భయం కొంచెం ఉంటోంది. అది పోకుండా ఉంటేనే మంచిదేమో.

వచ్చే నెల సారు, బాషా అన్న మళ్ళీ వెళ్తున్నారు. ఈ రెండోసారి విమాన టికెట్ల కోసం సారు ప్రిన్సిపాల్‌తో ఏం మాట్లాడారో నేను అడగలేదు. వెళ్ళే రెండు కాలేజీల వాళ్ళకూ ఒక్క సలహా: ఆటగాళ్ళను కోర్సు వాళ్ళు ఇస్తారని కూర్చోకండి, మినీబస్సు ముందే మాట్లాడుకోండి. గంగారాం గ్యాంగు మళ్ళీ రావడానికి సిద్ధంగా ఉంది. కానీ ఒక్కో శుక్రవారం ఓవర్‌టైం డ్యూటీ పడుతుందట, ఆ రోజు పనికి రామని కంపెనీలో ముందే చెప్పుకోవాలట. ఒకటే శుక్రవారం మూడు కాలేజీల ప్రాక్టికల్ పెట్టుకుంటే వాళ్ళకు ఒక్క సెలవుతో పోతుంది. మీకు ఆ రోజు కుదురుతుందో లేదో, బిర్యానీ ఖర్చులో మీ వాటా వేసుకుంటారో లేదో ఈ నెల ఇరవయ్యో తేదీలోపు కింద కామెంటులో రాయండి. ఇరవై ఒకటిన నేను గంగారాంకు ఫోన్ చేసి మాట ఇవ్వాలి.