ఊరిని ఊరిలా ఉంచండి

బోర్డులు రాసేవాడికి మామూలుగానే కాలు ఒకచోట నిలవదు. ఆ నెలంతా మరీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తిరగడూ మరి? సముద్రానికి రెండు వీధుల వెనక పద్దెనిమిదేళ్ళుగా అద్దెకుంటున్న రెండు గదులు మూడు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు ఇంటి ఓనరు. సెలవులకొచ్చేవాళ్ళు వారానికిచ్చేది ఇతను నెలకు కూడా ఇవ్వలేడు. ఇక మిగిలిన ఆశల్లా పాత ఐసు ఫ్యాక్టరీ స్థలంలో, ఊళ్ళో పనిచేసుకునేవాళ్ళ కోసం కడతామంటున్న ఫ్లాట్లే. జాబితాలో ఇతని పేరు ఆరోది. మునిసిపాలిటీ సరేనంటే ఊళ్ళోనే ఉండొచ్చు. కాదంటే బస్సులో రెండు గంటల దూరం పోయి బతకాలి.

సరిగ్గా అప్పుడే, ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళ సంఘం తరఫున రిటైరైన డాక్టరమ్మ కబురు పెట్టింది. ఫ్లాట్లు వద్దని నలభై గేట్లకు నలభై బోర్డులు కావాలంది. నేను కాదంటే ఇంకొకడు రాస్తాడని తనకు తనే సర్దిచెప్పుకుని ఒప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నా పోయేది. ఆవిడిచ్చిన కాగితం మీద "ప్రతిపాదిత బహుళ అంతస్తుల గృహసముదాయ నిర్మాణాన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాం" అని ఉంది. చూడగానే ఒళ్ళు మండింది. ఫ్లాట్ల గురించి కాదు, బోర్డు గురించి. కారులో పోయేవాడు మూడు మాటలకు మించి చదవడని ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్న మనిషాయె. చెయ్యి ఊరుకోలేదు. కాగితం వెనక్కి తిప్పి రాసిచ్చాడు: ఊరిని ఊరిలా ఉంచండి.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. అతనికీ లోపల గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఫ్లాట్ల మీద మునిసిపాలిటీ విచారణ పనిరోజున, పొద్దున్న పదకొండింటికి పెట్టారు. ఫ్లాట్లు కావలసినవాళ్ళంతా ఆ వేళకు పనుల్లో ఉంటారని పెట్టినవాళ్ళకు తట్టలేదో, తట్టే పెట్టారో. ఆసుపత్రిలో ఆయాగా చేసే అతని భార్య ఒకపూట సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. సంఘం విడిగా రాయించి తెచ్చిన బోర్డులతో హాలు నిండా మొగుడి అక్షరాలే. చివరికి అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, వీళ్ళు అడుగుతున్నది చాలా చిన్న సంగతి, ఊరిని ఊరిలా ఉంచమంటున్నారు, అంతేగా అన్నాడు. అనుమతి ఇవ్వలేదు.

మొగుడితో బయటికొచ్చి, గోడకానించిన బోర్డు ముందు ఆమె ఆగిపోయింది.

"ఏమయ్యా, రాయడం నీ పని, దానికి నేనేమీ అనను. ఈ మాట మాత్రం మనల్ని ముంచింది. ఎవరిదిది?"

డాక్టరమ్మదని చెబుదామని నోరు తెరిచాడు.

"నాదే."

తిడుతుందని చూశాడు. తిడితే కాస్త తేలికపడేవాడు.

"రాసేటప్పుడు ఆ ఊళ్ళో మనం ఉన్నామా?" అని అడిగి, డ్యూటీకి వేళవుతోందని బస్సెక్కేసింది.

అతను ఒడ్డు వెంబడి ఇంటికి నడిచాడు. నలభై గేట్ల దగ్గరా ఆగి చూశాడు, ఒక్క అక్షరమైనా వంకరపోయి ఉంటుందేమోనని. ఎక్కడా పోలేదు.