మావయ్య లారీ పొగ

ఆ రోజుల్లో లారీ అన్నాక పొగ వదులుతుంది, వెనక సైకిలు మీద వచ్చేవాడు మొహం తిప్పుకుంటాడు, అంతే. ఆ పొగని కొలిచేవాడికి జీతమిస్తారంటే నర్సీపట్నంలో ఎవరూ నమ్మేవారు కాదు. నాకు ఇచ్చేవారు. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో మూడు నెలల ఉద్యోగం. షెడ్డులో నిలబెట్టి కొలిస్తే లారీ సంగతి తెలియదు, బరువుతో ఘాటీ, అంటే కొండదారి, ఎక్కి దిగుతుంటే కొలవాలనేవారు మా సారు. ఆ కొలత సరిగ్గా పట్టుకొస్తే ఉద్యోగం పొడిగిస్తామన్నారు, లేకపోతే ఇంటికే. (అప్పటికే మా అమ్మ వీధంతా మావాడు సైంటిస్టని చెప్పేసింది. ఇక ఇంటికెలా వెళ్తాను?)

మా అమ్మ తమ్ముడికి సొంత లారీ ఉండేది. చింతపల్లి వైపు సిమెంటు తీసుకెళ్ళి వెదుళ్ళు దింపుకొచ్చేవాడు. ఒక పొద్దున్న ఆ లారీ పొగగొట్టానికి మా రబ్బరు గొట్టం తగిలించి, మిషనునీ దాని బ్యాటరీనీ క్యాబిన్లో తాళ్ళతో కట్టాం. మావయ్య మిషనుకి కూడా బొట్టు పెట్టి, పొగెక్కువొస్తే ఏమవుతుందని అడిగాడు. నేను గొప్పకి పోయి, నా ఉద్యోగమంతా దీని మీదే ఉంది మావయ్యా అన్నాను. ఆయన తలూపి లారీ ఎక్కాడు.

ఎక్కేటప్పుడు మిషను పెన్ను, పొగెంతొస్తే అంత ఎత్తుకి, కాగితం మీద గంతులేసింది. వెదుళ్ళు వేసుకుని దిగేటప్పుడు మంచు కమ్మేసింది. చెవులు మూసుకుపోయాయి. చెట్లు మంచులోంచి ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి, లారీ తేలిపోతోంది. నేను పర్మనెంటు అయిపోయాను, స్కూటరు కొన్నాను, దానికి రంగు కూడా ఎంచుకుంటున్నాను. పెన్ను అడుగున పడుకుని సన్నటి గీత గీస్తోంది. కొండగాలి మహిమ అనుకున్నాను. (సైంటిస్టుని కదా.)

నర్సీపట్నం టీకొట్టు దగ్గర కాగితం విప్పి, దిగినంతసేపూ పొగే లేదు మావయ్యా అన్నాను.

"నేనుండగా ఎందుకొస్తాదిరా?" అన్నాడు నెమ్మదిగా. "ఇంజనాపీసి, బండిని దిగుడుకి ఒగ్గీసినాను. పొగొస్తే నీ ఉద్దోగం పోతాదని సెప్పినావు కదేటి."

నాకు ఏడుపొచ్చింది. మర్నాటికి మిషను తిరిగిచ్చెయ్యాలి. పొగ తగ్గించడం నా పని కాదని, ఎంతొస్తే అంతా రాసుకోవడమే పనని ఆయనకి చెప్పేసరికి టీ చల్లారిపోయింది. మావయ్య తన గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసి లేచాడు.

"అయితే మళ్ళీ ఎక్కుదాం. బేగి తాగు."

అదే లోడుతో ఎక్కాం. అడివిలోంచి వెదుళ్ళు దిగడమేగాని ఎక్కడం ఎప్పుడూ చూడని చెక్‌పోస్టు గార్డు, నచ్చక తిరిగిచ్చేస్తున్నారా అని అడిగాడు. ఈసారి ఇంజను ఆపకుండా గేరులోనే దిగాం. పెన్ను కదిలినప్పుడల్లా మావయ్య అద్దంలో వెనక పొగ చూసుకుని సిగ్గుపడిపోయాడు. మీ సారుకి నా పేరు చెప్పకురా అని రెండుసార్లు బతిమాలాడు.

ఉద్యోగం నిలబడింది. తరవాత ఎన్ని లారీలకి మిషన్లు కట్టానో. ఆ మొదటి కాగితం మాత్రం సారుకి ఇవ్వలేదు, ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. దాని మీద తిన్నటి గీత చూస్తే ఆ కుర్ర సైంటిస్టు గుర్తొచ్చి నవ్వొస్తుంది. స్కూటరు రంగు తేల్చుకోలేక సతమతమవుతున్నాడు పాపం. పక్కనే ఒకాయన వాడి ఉద్యోగం కోసం, ఇంజను లేకుండా, బ్రేకు మీద కాలు బిగబట్టి, అంత బరువునీ కొండ దింపుతున్నాడని వాడికి తెలియదు.