లేజర్ సార్ దాచని మాట

చిక్కడపల్లిలో సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అశోక్ నగర్ కోచింగ్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు చేసింది. నిద్రలోనే పోయారట. మీలో ఎవరైనా గ్రూప్స్ కోసం అక్కడ చదివి ఉంటే ఆయన మీకూ తెలిసే ఉంటారు. రక్షణ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు లేజర్ల మీద పనిచేసి, రిటైరయ్యాక మాకు సైన్స్ అండ్ టెక్నాలజీ చెప్పారు. లేజర్ సార్ అనేవాళ్లం.

తన పని గురించి పేపర్లో వచ్చినదానికి మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. గట్టిగా అడిగితే చాక్‌పీస్ జేబులో వేసుకుని, "సిలబస్‌ల లేదు" అనేవారు. ఆయన చొక్కా జేబులన్నీ తెల్లగా ఉండేవి.

సరిహద్దు మీదికి డ్రోన్లు వచ్చిన రోజుల్లో క్లాసులో ఒకతను లేచి, ఇక లేజర్లతో అన్నిటినీ కూల్చేయొచ్చు కదా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సార్ నవ్వలేదు. "వెలుతురు ఆడిదాంక పోవుడు కష్టం కాదు. ఉరికే డ్రోన్ మీద ఒక్క జాగలనే, అది కాలేదాంక నిలుపుడు కష్టం" అన్నారు.

నేను చప్పట్లు కొట్టలేదు. సైన్యంలో ఉన్న మా తమ్ముడు అప్పుడు అక్కడే ఉన్నాడు. రెండు రోజులుగా ఫోన్ కలవడం లేదు. క్లాసయ్యాక సార్‌కు ఆ సంగతి చెప్పి, మీరు చేసినవి వాడి దగ్గర ఉంటాయా అని అడిగాను. ఉంటాయనిపించుకోవడానికే అడిగాను.

ఆయన చేతిలోని చాక్‌పీస్ బల్ల మీద పెట్టారు.

"నాకు తెల్వదు బిడ్డా. ఉన్నా గానీ, పొగమంచు పడితే, దుమ్ము లేస్తే దాని బలం తగ్గుతది. అందుకే పక్కన తుపాకులు పెడతరు, జామర్లు పెడతరు. ఒక్కదాన్నే నమ్ముకొని ఎవ్వరిని నిలబెట్టరు."

అప్పటిదాకా అందరూ ఏం కాదులే అన్నవాళ్లే. అవేవీ నా చెవికెక్కలేదు. ఈ మాట విన్నాకే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తర్వాతి క్లాసు ఇంకో సార్‌కు అప్పగించి, ఆయన నాతో చిక్కడపల్లి లైబ్రరీ దాకా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. టీ తెప్పించి, తనది తాగడం మరిచిపోయారు. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. తిన్నానక్కా అన్నాడు, అంతే. సార్ లేచి ప్యాంటు దులుపుకుని, రేపు నోట్స్ తెచ్చుకొమ్మని చెప్పి వెళ్లిపోయారు.

తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఇంటికి తీసుకెళ్లాను. ఇద్దరికీ బయటికి చెప్పకూడని సంగతులే ఎక్కువ. అందుకని రెండు గంటలు దుమ్ము గురించే మాట్లాడుకున్నారు. అక్కడ ఏ నెలలో లేస్తుంది, ఎంతసేపు ఉంటుంది, అద్దాల మీద పడితే ఎలా తుడుస్తారు. రిటైరై ఆరేళ్లయినా సార్ అన్నీ రాసుకున్నారు. మేం బయలుదేరుతుంటే తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు.

"మేము ఇంకింత జల్ది చెయ్యాల్సుండె బిడ్డా."

తమ్ముడు ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

మంగళవారం నారాయణగూడలోని మా ఆఫీసు నుంచి నేను వెళ్లేసరికి, ఇప్పటి విద్యార్థులు సార్ ఇంటి సందు పొడవునా గోడవారగా నిలబడి ఉన్నారు, ఆటోలకు దారి వదిలి. చివర్లో ఒక అమ్మాయి పుస్తకం తెరిచి చదువుకుంటోంది. సార్‌ను తీసుకెళ్లే వ్యాను దగ్గరికి రాగానే, పేజీలో వేలు ఉంచి పుస్తకం మూసింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆ వేలు తియ్యలేదు.