అమ్మ మాఫ్ చేసిన మనిషి

మా అమ్మ ముందు పళ్ళు ఊరివాళ్ళు పీకేసినప్పుడు నాకు పదేళ్ళుంటాయి. డెబ్బైల్లో కరువొచ్చిన ఏడాది అది. అప్పుడు మేము కోహీర్ దగ్గరి పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న అప్పటికే లేడు. అమ్మ అల్లం చేలల్లో కూలికి పోయేది, ఎవరైనా పిలిస్తే కాన్పులు చేసేది. మా పక్కింటామెను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె అమ్మను అక్కా అనేది. ఆమె పిల్లలకు పురుడు పోసింది మా అమ్మే.

ఆ ఎండాకాలం ఆమె చిన్నకొడుకు జ్వరమొచ్చి, ఫిట్సు పట్టి చనిపోయాడు. జ్వరం మొదలైనప్పటి నుంచి అమ్మ వాడి పక్కనే కూర్చుని ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనే మా కొంప ముంచింది. అక్క పెదవులు కదిలిస్తూ ఏదో మంత్రం చదివిందని, బాణామతి చేసి పిల్లవాణ్ణి చంపిందని చిన్నమ్మ అందరికీ చెప్పింది. చేతబడిని మావైపు బాణామతి అంటారు. చేసినవాళ్ళ పళ్ళు పీకేస్తే ఇక మంత్రం నోట పలకదని నమ్మేవారు.

మర్నాడు పొద్దున మగవాళ్ళు కొందరు వచ్చి అమ్మను వాకిట్లోకి లాగారు. ఊరంతా నిలబడి చూసింది. నేను చిన్నమ్మ కాళ్ళ మీద పడ్డాను. నువ్వు ఒక్క మాట చెప్తే ఆగుతారని ఏడ్చాను. ఆమె మొహం తిప్పుకుంది.

ఆ వారమే జహీరాబాద్ వచ్చేశాం. రోడ్డు వెనక ఒక గది దొరికింది. పగలంతా బొంబాయి లారీల మోత. పుండు మానినా అమ్మ జొన్నరొట్టె నమలలేకపోయేది, నీళ్ళలో నానేసుకుని మింగేది. నవ్వడం మానేసింది. మాట్లాడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మేము గుడి అనే చర్చికి పోవడం మాత్రం మానలేదు. అయితే ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం అందరూ ముందుకు వెళ్తే అమ్మ వెనక చాప మీదే కూర్చునేది. పాస్టరుగారు కారణం అడిగితే ఒక్కసారే చెప్పింది.

"ఆమె నాశనం గావాలని రోజు మొక్కుత అయ్యగారూ. గా నోటితోని ప్రభువు రొట్టె ఎట్ల తింట?"

క్షమించమని ఆయన చెప్పారు. అమ్మ ప్రయత్నించింది. పొద్దున్నే మోకరించి ఆమె పేరు దాకా వచ్చి ఆగిపోయేది. లేచి వెళ్ళేది. ఏళ్ళు అలాగే గడిచాయి. మాకు ఆ ఊరు లేదు, చుట్టాలు లేరు, ఒకరి ముందు తలెత్తే ధైర్యం లేదు. బాణామతిదాని బిడ్డనని తెలిసి నాకొచ్చిన సంబంధం కూడా వెనక్కి పోయింది. బతికి ఏం లాభమని అమ్మ అనేది.

ఎనభైల్లో ఒక వానాకాలం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే చిన్నమ్మ. నిలువెల్లా తడిసిపోయి ఉంది, పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"అక్కా, ఊర్ల ఇంకో పిల్ల సచ్చిపోయింది. నా మీద వెట్టిన్రు. నా పండ్లు గూడ పీకుతరట. కొడుకు ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిండు. ఎక్కడికి పోవాల్నో తెలుస్తలేదు."

పొమ్మన్నాను. నెట్టబోయాను కూడా. పొయ్యి దగ్గర్నుంచి లేచిన అమ్మ ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కణ్ణుంచి వచ్చినంత ఏడుపు పళ్ళు పీకిన రోజు కూడా నేను వినలేదు. చాలాసేపటికి తిరిగొచ్చి నాతో అంది.

"గీ దినం కోసమే ఇన్నేండ్లు మొక్కిన. వచ్చింది. సంతోషమైతలేదు బిడ్డా."

చిన్నమ్మను లోపలికి రమ్మంది. పొడి చీర ఇచ్చింది. తర్వాత ఎదురుగా కూర్చుని, నేను చేసిన్నా చెప్పు అని అడిగింది.

"చెయ్యలే అక్కా. గప్పుడే ఎరుక. ఎవరినో ఒకరిని అనకపోతే నాకు పిచ్చి లేస్తుండె."

అమ్మ కళ్ళు మూసుకుంది. "మాఫ్ చేసిన. నాతోనైతే అయ్యేది కాదు. ప్రభువు చేపిచ్చిండు."

అంతటితో అయిపోలేదు. కొన్ని రోజులు ఆమెకు అన్నం పెడుతూ పెడుతూ అమ్మ గిన్నె విసిరికొట్టి బయటికి పోయేది. రోడ్డు పక్కన నిలబడి ప్రార్థించుకుని మళ్ళీ వచ్చి వడ్డించేది. క్షమించడం ఒక్కసారి చేసే పని అనుకున్నానని, రోజూ పొద్దున చేయాల్సి వస్తోందని నాతో చెప్పేది. ఆ క్రిస్మస్‌కు మాత్రం లేచి ముందుకు వెళ్ళి రొట్టె తీసుకుంది.

నేను చిన్నమ్మతో మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి ఏడాది పైనే మాట్లాడలేదు. చివరికి ఆమె కడుపులో గడ్డతో దవాఖానలో పడింది. అమ్మ కూలికి పోయిన పూట నేను కూర్చోవలసి వచ్చింది. గోడవైపు తిరిగి ఉన్న నన్ను ఆమె పిలిచింది.

"తిట్టు బిడ్డా. గిట్ల సప్పుడు చెయ్యకుండ కూసోకు."

తిట్టాను. దాచుకున్నదంతా తిట్టాను. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా ఆపలేదు. ఆమె ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. మాటలన్నీ అయిపోయాక నాకు ఏడుపే మిగిలింది. ఆమె చెయ్యి నా చేతిమీదికి వచ్చింది. తీసేయలేకపోయాను.

ఆ చలికాలమే ఆమె పోయింది. ఊరికి కబురు చేస్తే ఎవరూ రాలేదు. అమ్మా నేనూ పాస్టరుగారూ మట్టి వేశాం.

నా కోపం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. వచ్చినప్పుడల్లా దేవుని ముందు పెడతాను. కొన్నిసార్లు తీసుకుంటాడు. కొన్నిసార్లు పొద్దుగూకేదాకా అది నాతోనే ఉంటుంది.