కుడి పిడికిలి, ఎడమ అరచెయ్యి

అది 2022. కరోనా భయం చాలావరకు తగ్గి, విజయవాడలో బళ్ళన్నీ మళ్ళీ మామూలుగా నడుస్తున్న ఏడాది. నేను పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్ టీచర్ని. సాయంత్రాలు అదే స్కూలు మేడ మీద పిల్లలకు కుంగ్‌ఫూ నేర్పుతాను. ఇవి కాక ఇంకో పని కూడా ఉంది. ఆన్‌లైన్ కుంగ్‌ఫూ పోటీలకు నేను జడ్జిని. ఈ మాట చెబితే మా పక్కింటావిడకు నవ్వాగదు. "ఫోన్లో సినిమా చూసినట్టు చూసి మార్కులేస్తావా తల్లీ? అలాంటి ఉద్యోగం మా అబ్బాయికి కూడా ఉంటే చెప్పు" అంటుంది.

ఆవిడ అనుకున్నంత తేలిక కాదు. ఈ పోటీల్లో ఎవరూ ఎదురెదురుగా తలపడరు. ఒంటరిగా ఒక ఫామ్ చేసి, దాన్ని వీడియో తీసి పంపుతారు. ఫామ్ అంటే దెబ్బలు, అడ్డుకోవడాలు, అడుగులు ఒక వరుసలో కూర్చిన ప్రదర్శన. వీడియోలో ఎక్కడా కట్ ఉండకూడదు. మనిషి తల నుంచి పాదాల దాకా చివరి క్షణం వరకు ఫ్రేములో ఉండాలి. మొదట్లోనూ ముగింపులోనూ సెల్యూట్ పెట్టాలి. జడ్జీలకు పోటీదారుల పేర్లు కనిపించవు. నంబరు, వయసు, రాష్ట్రం, అంతే.

మా రంగంలో ఎప్పటినుంచో రెండు జట్లు. ట్రెడిషనల్ వాళ్ళు నేలను నమ్ముకున్నవాళ్ళు. తొడలు నేలకు సమాంతరంగా దించి కూర్చునే స్టాన్స్, తుంటిలో పుట్టి పిడికిలి దాకా వచ్చే బలం, వీటి మీదే ఏళ్ళు గడిపేస్తారు. మోడర్న్ వాళ్ళు గాలిని నమ్ముకున్నవాళ్ళు. చేతులు నేలకు ఆనించకుండా పల్టీ కొట్టే ఏరియల్, ఒళ్ళంతా అడ్డంగా లేచి గిర్రున తిరిగే బటర్‌ఫ్లై ట్విస్ట్ లాంటివి చేస్తారు. మొదటి జట్టు రెండోదాన్ని సర్కస్ అంటుంది. రెండోది మొదటిదాన్ని ముసలాళ్ళ వ్యాయామం అంటుంది. గాలిలో తిరగడం తేలికనుకునేవాళ్ళను మంచం మీద నుంచి దూకి చూడమంటాను. కిందికి కూర్చోవడం తేలికనుకునేవాళ్ళను బస్సు వచ్చేదాకా ఆ స్టాన్స్‌లో ఉండి చూడమంటాను. నాకు ఇద్దరూ ముద్దే.

ఆ పోటీ నిర్వాహకులు మాత్రం రెంటినీ కలిపి ఒకే ఓపెన్ విభాగంలో పెట్టారు. వంకాయ కూరకూ ఐస్‌క్రీముకూ పందెం పెట్టినట్టన్నమాట. వయసు పరిమితి నలభై అయిదు. విభాగం మొత్తం నుంచి, జడ్జీల ముందు నేరుగా జరిగే ఫైనల్‌కు ఒక్కరికే అవకాశం.

మా రాష్ట్రం నుంచి రెండు ఎంట్రీలు మిగతావాటికంటే బాగా ఎత్తున నిలిచాయి. మొదటిది పందొమ్మిదేళ్ళ అమ్మాయిది. పరిగెత్తుకుంటూ వచ్చి గాలిలోకి లేచింది. సిమెంటు నేల మీద దిగిన చప్పుడు కూడా సరిగా వినిపించలేదు. ల్యాండింగ్ అంటే అదీ. ఎగరడం చాలామందికి వస్తుంది, అంత మెత్తగా దిగడం కొద్దిమందికే వస్తుంది. నేను కుర్చీలో కూర్చునే చప్పట్లు కొట్టాను.

రెండోది ఒక మహిళది. వయసు నలభై అయిదు. అంటే ఆమెకు ఇదే ఆఖరి పోటీ, మరుసటి ఏడాది వయసు దాటిపోతుంది. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జుట్టు ముడి. గెంతు లేదు, కేక లేదు. ఒక్కో అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టు వేసింది. ఆ ఫామ్ నేనెప్పుడూ చూడలేదు. ఎవరో ఒక పాత మాస్టారు జాగ్రత్తగా దాచి అప్పగించిన సొత్తులా ఉంది. చూస్తుంటే నా వెన్ను దానంతటదే నిటారైంది.

అంతా బాగానే ఉంది, సెల్యూట్ తప్పు.

కుంగ్‌ఫూ సెల్యూట్‌లో కుడి చెయ్యి పిడికిలి, దాన్ని ఎడమ అరచెయ్యి కప్పాలి. బలాన్ని సంస్కారం కప్పి ఉంచాలని అర్థం. చేతులు మారితే అది చావింట్లో పరామర్శకు పెట్టే నమస్కారం అవుతుందని మా మాస్టర్లు చెప్పేవాళ్ళు. ఈవిడ వీడియోలో పిడికిలి ఎడమ చేతిది, కప్పింది కుడి అరచెయ్యి. మొదట్లోనూ అంతే, చివర్లోనూ అంతే.

మిగిలిన ఇద్దరు జడ్జీలు నాకంటే ముందే చూసేశారు. చీఫ్ జడ్జిది ఇండోర్ ఊరు. ట్రెడిషనల్ అంటే ప్రాణం పెట్టే పెద్దమనిషి, అందుకే సెల్యూట్ తప్పితే అస్సలు ఊరుకోడు. రెండో జడ్జి సూరత్ ఆవిడ, గాలి జట్టు. ఇద్దరూ 'సెల్యూట్ తప్పు, ఎంట్రీ తిరస్కరణ' అని నొక్కారు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటే ఆ మాట పోటీదారుకు మెయిల్‌లో వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది కూడా.

నాకు మనసొప్పలేదు. అన్ని ఏళ్ళు స్టాన్స్ కోసం తొడలు అరగదీసుకున్న మనిషి మొదటి రోజు నేర్పే పాఠం మర్చిపోతుందా? మళ్ళీ పెట్టి చూశాను. ఈసారి ఆమెను వదిలేసి చుట్టూ చూశాను. వెనక ఒక ప్రహరీ గోడ. గోడ పక్కన ఆకుపచ్చ చీరలో ఒకావిడ నిలబడి చూస్తోంది. ఆవిడ పైట కుడి భుజం మీద ఉంది.

మా కృష్ణా జిల్లాలో పైట కుడి భుజం మీద వేసుకున్న ఆడమనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వీడియో ఆపి, గోడను పెద్దది చేశాను. పెయింటుతో రాసిన అక్షరాలున్నాయి. తెలుగే, కానీ చదవబోతే నోరు తిరగలేదు. ఫోను తీసుకెళ్ళి బాత్రూం అద్దం ముందు పెట్టాను. అద్దంలో శుభ్రంగా కనిపించింది: 'ఇచ్చట చెత్త వేయరాదు.'

సెల్ఫీ కెమెరా. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన వీడియోను అద్దంలో చూసినట్టే తిరగేసి దాచుకుంటాయి. తీసిపెట్టమని అడిగేంత చనువున్నవాళ్ళు లేక, తల నుంచి పాదాల దాకా ఫ్రేములో ఉన్నానో లేదో చూసుకోవడానికి ఈవిడ ముందు కెమెరా పెట్టుకుని ఉంటుంది. రూలు పాటించబోయి రూలుకే దొరికిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మార్కులు ఖాయం చేసే వీడియో కాల్‌లో ఈ మాట ఎత్తాను. మా సంభాషణ హిందీ, ఇంగ్లీషు కలగలుపుగా సాగుతుంది. ముందు పైట సంగతి చెప్పాను. సూరత్ ఆవిడ నవ్వేసి, తమ వైపు అందరూ కుడి భుజం మీదే వేసుకుంటారని, ఇందులో వింతేముందని అడిగింది. నా మొదటి సాక్ష్యం అలా గాలికి పోయింది. గోడ మీద అక్షరాలు చూపించాను. చీఫ్ జడ్జి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, తనకు తెలుగు రాదని, ఆ అక్షరాలు ఎటు తిరిగినా తనకు గుండ్రంగానే కనిపిస్తాయని చెప్పాడు. అది నిజమే, కాదనలేను. తర్వాత ఆయన మెల్లగా అన్న మాటే గుచ్చుకుంది.

"మేడమ్, ఆమె మీ రాష్ట్రం మనిషి. మీరు చెప్పేది మీకు తప్ప ఎవరికీ చదవడం రాని భాషలో ఉంది."

తిమ్మిని బమ్మి చేస్తున్నానని ఆయన అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు. ఇంకేం చూపించాలో తోచక ఎంట్రీలన్నీ పైకీ కిందికీ జరుపుతుంటే, పల్టీల అమ్మాయి వీడియో దగ్గర చెయ్యి ఆగిపోయింది. సిమెంటు నేల. ప్రహరీ గోడ. ఆకుపచ్చ చీర.

మొదటిసారి చూసినప్పుడు ఆ అమ్మాయి గాలిలో ఉంటే గోడనెవరు చూస్తారు? రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టాను. ఒకే గోడ, ఒకే కుళాయి, ఒకే చీరలో ఒకే మనిషి. అమ్మాయి వీడియోలో కుళాయి ఎడమ పక్కన, పైట ఎడమ భుజం మీద. ఈవిడ వీడియోలో రెండూ కుడివైపు. ఇందులో చదవాల్సిన భాషేమీ లేదు. సూరత్ ఆవిడ ముందు గుర్తుపట్టింది. "ఇప్పుడు మీ పైట మాట ఒప్పుకుంటున్నాను" అంది నవ్వుతూ. చీఫ్ జడ్జి ఆవిడ వీడియోను తిన్నగా తిప్పించి, మొదటి నుంచీ మళ్ళీ చూద్దామన్నాడు. సెల్యూట్ వచ్చినప్పుడు తన గదిలో ఒంటరిగా కూర్చున్న ఆయన రెండు చేతులూ లేచి ఆమెకు ప్రతిగా సెల్యూట్ పెట్టాయి. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

ఇక మార్కులు. చీఫ్ జడ్జి ఆమెకు ఎక్కువ వేశాడు, సూరత్ ఆవిడ అమ్మాయికి ఎక్కువ వేసింది. ఇద్దరి తేడా సరిగ్గా సరిపోయి, తీర్పు నా నెత్తిన పడింది. మళ్ళీ మళ్ళీ చూశాను. చివరి మలుపులో ఆమె మోకాలు ఒక్కసారి వణికింది, పాదం కాస్త జరిగింది. అమ్మాయి పాదం ఎక్కడా జరగలేదు. అంతసేపు ఆమె కోసం పోట్లాడిన నేను, అమ్మాయికి అర మార్కు ఎక్కువ వేశాను. వేసి, లాప్‌టాప్ మూసేశాను. ఆమె ఆఖరి అవకాశం నా చేతుల మీదుగానే పోయింది.

ఫలితాలతో పాటు పేర్లూ బయటికొచ్చాయి. అమ్మాయి హారిక. నలభై అయిదేళ్ళావిడ సుజాత, గుణదలలో ఉంటారు, కాలేజీ లెక్చరర్. ఇద్దరూ అక్కడి ఒక స్కూలు గ్రౌండులో ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక సాధన చేసుకుంటారు, ముఖపరిచయమే. ఆకుపచ్చ చీర ఆవిడ హారిక వాళ్ళ అమ్మ. వారం తిరక్కుండా ఒక సాయంత్రం సుజాత గారు నన్ను వెతుక్కుంటూ మా స్కూలుకొచ్చారు. తప్పు తిరిగి చూసింది పటమట జడ్జి అని నిర్వాహకులు చెప్పారట. మేడ మీద పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. నేనేదో ఓదార్పు మాట మొదలుపెట్టబోయాను.

"సీటు సంగతి వదిలెయ్యండి మేడమ్" అన్నారామె. "హారిక అంత బాగా చేసింది, ఇవ్వకపోతే నేనే అడిగేదాన్ని. ఆ మొదటి మెయిలే నన్ను తినేసింది. మా మాస్టారు వన్ టౌన్లో ఒక బట్టల గోడౌన్ పైన నేర్పేవారండీ. చేరిన కొత్తలో నమస్కారం తప్ప ఇంకేమీ నేర్పలేదు. కరోనాలో పోయారు. మెయిల్ చూసి నా వీడియో నేనే పెట్టుకుంటే చేతులు తప్పుగానే ఉన్నాయి. ఇన్నేళ్ళకు నా చేతులే నన్ను మోసం చేశాయా అనుకున్నా. ఆయన ఫొటో వంక చూళ్ళేకపోయానండీ."

ఆమె ఫోను తీసి రెండో మెయిల్ చూపించారు. సెల్యూట్ సరైనదే, రెండో స్థానం అని ఉంది.

"ఓడిపోయానని రాశారు. ఇది ఆయనకు చూపించొచ్చు" అన్నారు.

వెళ్ళేముందు ఫైనల్ దాకా హారిక స్టాన్స్‌లు తానే చూస్తున్నట్టు చెప్పారు. ఆ పిల్ల సెల్యూట్ మరీ హడావుడిగా పెడుతోందట, ముందు అది కుదుర్చుతారట. మా పిల్లల ముందు నిలబడి ఒకసారి చేసి చూపించారు. కుడి పిడికిలి, ఎడమ అరచెయ్యి. పిల్లలు ఎదురుగా నిలబడ్డారేమో, సగం మంది అద్దంలోలాగా ఎడమ పిడికిలి పట్టారు. ఆమె నవ్వి, వెనక్కి తిరిగి, కనబడేలా చేతులు తల పైకెత్తి మళ్ళీ పెట్టారు. ఈసారి అందరికీ సరిగ్గా వచ్చింది.

ఎదుటి మనిషి కుడి మనకు ఎడమగా కనిపిస్తుందని డ్రిల్ టీచర్నైన నేను రోజూ పిల్లలకు చెప్పే మాటే. దాని లోతు నాకు తెలిసింది మాత్రం అప్పుడే. తప్పని నొక్కేముందు ఒకసారి లేచి వాళ్ళ పక్కన నిలబడి చూడాలి. ఇప్పటికీ ఏ వీడియో వచ్చినా నేను ముందు మనిషిని చూడను. వెనక గోడ మీద ఏం రాసుందో చదువుతాను.