తెల్లపూల అక్షరం

మా పాపకు నాలుగేళ్ళు నిండగానే నా పెళ్ళాం అక్షరాల చార్టు ఒకటి తెచ్చి గోడకు కొట్టింది. మేముండేది పుంగనూరులో. నేను టెంపోలో టమాటా వేసుకుని తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టుకు పోతాను. ఆమె కూడా మదనపల్లెలోనే బట్టలు కుట్టే పనికి పోతుంది. ఇద్దరం ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతుంది. ఇక పాపను కూర్చోబెట్టి చదివించే తీరిక మా అమ్మ ఒక్కదానికే ఉండేది. నాకు తీరిక ఉన్నా అర్హత లేదు. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలించుకుందో ఈ రోజుకీ తేలలేదు.

అమ్మ నడివయసులో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆమె బస్సు బోర్డు చదివి ముగించేలోపు ఆ బస్సు పలమనేరులో ఉంటుందని ఏడిపించేవాణ్ణి. పాప దగ్గర ఆ నిదానమే పనికొచ్చింది. చార్టు కింద చాప పరిచి, పాప వేలు పట్టుకుని ఒక్కో గడి మీద ఆనించేది.

"ఎ. ఎలుక. మన బియ్యం డబ్బా కాడికి వచ్చిండ్లా, ఆ దొంగముండే."

"పా ఏదవ్వా?"

"పాలు. పో, వంటింట్లో యాడుందో ఎతుకు."

పాల ప్యాకెట్టు మీద 'పా' కనిపెట్టిన రోజు పాప ఆ ప్యాకెట్టును కత్తిరించనివ్వలేదు. ఆ పూట మాకు కాఫీ లేదు. అప్పటినుంచి అగ్గిపెట్టెను వదల్లేదు, అంగడి బోర్డును వదల్లేదు, నా టెంపో వెనక రాయించిన రాతనూ వదల్లేదు. కనబడిన ప్రతి అక్షరం మీదా వేలు పెట్టేది. అవ్వా మనవరాలూ అలా కూర్చుంటే అమ్మ ముఖంలో నాయన పోయాక నేను చూడని వెలుగు కనిపించేది.

'మ' దగ్గర మాత్రం అమ్మ వేలు తడబడేది. ఆ గడిలో ఉన్నది మల్లెపువ్వు. మా నాయన పేరు ఆ పువ్వు పేరుతోనే మొదలవుతుంది. మా పక్క పాతతరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. ఆ పేరు కలిసే మాటను కూడా పక్కకు నెట్టేస్తారు. పెళ్ళయిన నాటినుంచి అమ్మకు అవి తెల్లపూలు. పూలంగడిలోనూ "తెల్లపూలు ఒక మూర ఇయ్యప్పా" అనే అడిగేది. నాయన పోయాక పూలు కొనడం మానేసింది గానీ మాట మార్చలేదు. నా పెళ్ళాం సంగతి వేరు. ఆమె నన్ను పేరు పెట్టి కేకేస్తే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడుతుంది.

అందుకని ఆ గడి రాగానే అమ్మ "ఇది తెల్లపూల అచ్చరం" అని దాటేసేది. పుట్టినప్పటినుంచీ ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి, నాకు అందులో వింతేమీ తోచలేదు.

వేసవికి ముందు మదనపల్లెలో ఒక బడిలో చేర్పించడానికి పాపను తీసుకుపోయాం. అక్కడి టీచరమ్మ పలక మీద 'అమ్మ' అని రాసి చూపించింది. చార్టులోలా పక్కన బొమ్మ లేదు.

"ఇదేమిటో చదువమ్మా."

"అ," అంది పాప.

"ఊఁ, తర్వాత?"

"తెల్లపూలది. దాని కింద ఇంగో చిన్న తెల్లపూలది ఉండాది."

మా వెనక నిలబడిన వాళ్ళు పకపకా నవ్వారు. మామూలుగా అయితే అందరికంటే ముందు నవ్వేది నేను. ఆ రోజు పాప తల వాల్చేసింది. నాకు నవ్వు రాలేదు.

"అక్షరాల పోలిక బాగా పట్టింది. ఇంట్లో ఎవరో ఓపిగ్గా చెప్తున్నారు," అంది టీచరమ్మ. "ఈ ఒక్కటీ బడి తెరిచేలోపు సరిచేయండి. తోటి పిల్లలు ఇలా నవ్వితే ఇక నోరే తెరవదు."

పాప అప్పుడే నోరు మూసేసింది. టెంపోలో తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా ఒక్క బోర్డు వైపు కూడా వేలు చూపలేదు.

"కుప్పంలో మా అక్కోళ్ళింటి పక్కనే చిన్నపిల్లోళ్ళ బడి ఉండాది, ఎండాకాలమూ నడుస్తాది," అంది నా పెళ్ళాం. "బడి తెరిసేదాకా ఆడ పెడదాం."

"అంత దూరమా? అమ్మ ఏమైపోతాదే?"

"నాకు మాత్రం ఇష్టమా? నా బిడ్డ 'అమ్మ' అని సదవలేకపాయ. మీ అమ్మ నోట 'మ' అని వస్తాదా, నువ్వే సెప్పు."

నేను గేరు మార్చాను.

ఇంట్లో విషయం చెబితే అమ్మ వాదించలేదు. "ఎప్పుడు పంపిస్తాండారు?" అని మాత్రం అడిగింది. ఆదివారం అన్నాం. ఏడిపించే నా పాత విద్య బయటికి తీశాను.

"ఒక్కసారి పలికితే ఏమైతాదిమా? నాయన వచ్చి, నా పేరు యాల పలికినావని అడుగుతాడా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. "అడిగితే బాగుండునప్పా," అంది.



శనివారం సాయంత్రం నా పెళ్ళాం పాప గౌన్లు సంచిలో సర్దుతోంది. అమ్మ కాళ్ళూ ముఖమూ కడుక్కుని వచ్చి చార్టు కింద చాప పరిచింది. పాప రానంది.

"నాకొద్దు. నవ్వుతారు."

"ఎవురు నవ్వేది? ఈడ నేనే కదా ఉండాను. దా."

పాప వచ్చి కూర్చుంది. అమ్మ ఆ వేలు పట్టుకుని నేరుగా మల్లెపువ్వు గడి మీద పెట్టింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

"మ," అంది. "మల్లె."

ఎవరింట్లోకో అడగకుండా అడుగుపెట్టిన మనిషి గొంతులా ఉంది.

పాప తల అడ్డంగా ఊపింది. "కాదవ్వా. తెల్లపూలు."

"కాదు పాపా. మల్లెపూలు. అవ్వే తప్పు సెప్పింది."

"యాల తప్పు సెప్పినావు?"

"అది మీ తాత పేరు. నేను పలకకూడదని..."

"తాత పేరా?" పాప కళ్ళు పెద్దవయ్యాయి. "ఏం పేరు? మొత్తం సెప్పు."

నేను గడప మీద కూర్చుని ఉన్నాను. ఇంత వయసొచ్చినా అమ్మ నోట నాయన పేరు నేను వినలేదు. ఆమె కళ్ళు మూసుకుని పూర్తిగా పలికింది. పాప ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పింది. రెండోసారికి కళ్ళు నిండిపోయాయి.

పాప లేచి చార్టు మొదటి గడి దగ్గరికి పోయింది. అక్కడి బొమ్మను అరచేత్తో మూసి, పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టింది. "అ... మ... మ్మ. అమ్మ!"

సంచి దగ్గర చేతులు ఆగిపోయాయి. నా పెళ్ళాం గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

"అక్కకు నేను ఫోన్ సేస్తాలే అత్తా," అంది.

అమ్మ ఎవరి వైపూ చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, పాపను పక్కకు లాక్కుని, వేలు పక్క గడిలోకి జరిపింది.