అరకు జట్టు చివరి పేరు

పనసగుడ నుంచి ఆశ్రమ పాఠశాలలో చేరిన ఆడపిల్లల్లో, బంతి కోసం గెడ్డ దాకా దిగనిది పాంగి నిర్మల ఒక్కతే. ఆ బడి మైదానం పేరుకే మైదానం. కొండవాలును ఒకవైపు కాస్త చదును చేసి, రెండోవైపు దేవుడికి వదిలేశారు. చేతిలోంచి జారిన బంతి అల్లం మడులు దాటి గెడ్డ నీళ్ళలో పడేదాకా ఆగదు. జార్చినవాళ్ళే వెళ్ళి తేవాలన్నది అక్కడి రూలు. దిగడానికి అయిదు నిమిషాలు, ఎక్కడానికి పది. ఎక్కే బాధ తప్పాలంటే జార్చకుండా ఉండటమే దారి అని నిర్మలకు మొదటి నెలలోనే అర్థమైంది. అప్పటినుంచి గాలిలో బంతి ఉందంటే దాని కింద ఆమె చేతులు ఉండేవి.

ఆ చేతులను మొదట చూసింది పీఈటీ దుర్గాప్రసాద్. చోడవరం వైపు మనిషి. ఏజెన్సీకి బదిలీ చేశారని రెండేళ్ళు మొహం మాడ్చుకుని తిరిగాడు. మూడో ఏడు విశాఖపట్నంలో ఏదో శిక్షణకు వెళ్ళి కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రెండు బంతులతో తిరిగొచ్చాడు. ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్ అన్నాడు. దాన్ని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు. దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే ‘మార్క్’. పట్టినవాళ్ళను ఇక ఎవరూ ముట్టకూడదు, తీరిగ్గా నిలబడి తన్నుకోవచ్చు. నిర్మలకు ఆరో తరగతిలోనే ఆ ఆట తన కోసం ఎవరో కూర్చుని కట్టినట్టు అనిపించింది.

ఏటా నవంబరులో దుర్గాప్రసాద్ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌లో ఆస్ట్రేలియా డ్రాఫ్ట్ చూపించేవాడు, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే సభ. పెద్ద హాలు, బల్లల చుట్టూ కుటుంబాలు. ఒకాయన పేరు చదువుతాడు. ఆ పేరుగల కుర్రాడు లేస్తాడు, వాళ్ళమ్మ ఏడుస్తుంది, క్లబ్బువాళ్ళు చొక్కా తొడుగుతారు.

“కిందటేడు ఓడిపోయినోళ్ళకి ముందు వంతు. గెలిచినోళ్ళకి ఆఖరి వంతు,” అని విడమరిచేవాడు.

“ఓడితే బహుమానమా సార్? అలగయితే లెక్కల్లో ముందు నన్నే పిలవాల,” అనేది చిట్టెమ్మ. నిర్మల పక్క మంచం పిల్ల.

“నిన్ను పిలవరే. తరిమేత్తారు,” అనేవాడు ఆయన. అందరూ నవ్వేవారు.

తర్వాత మన కొండల్లోనూ, కింద మైదానంలోనూ ఆడేవాళ్ళు పెరిగి, ఆరు జట్లతో ఆడపిల్లలకు ఒక లీగ్ మొదలైంది. దానికీ డ్రాఫ్ట్ పెట్టారు. ఏటా జట్టుకు కొత్తగా నలుగురు. ఎంపికైనవాళ్ళకు విశాఖపట్నంలో నాలుగు నెలలు బస, శిక్షణ, ఆట. చివర్న ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో క్రీడల కోటా కింద సీటు అడగొచ్చు. నిర్మల మనసు దాని మీదే ఉంది. మార్చిలో ఇంటర్ అయిపోయింది. అమ్మానాన్నలతో కాఫీ తోటకు వెళుతూ, ఆటకు మాత్రం బడికి వస్తూ, మెడలో ఈల వేసుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టే పీఈటీ మేడమ్‌గా తనను తాను ఊహించుకునేది. ఈ సంగతి చిట్టెమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒక్క చిక్కు ఉంది. లీగ్‌లో పందొమ్మిదేళ్ళ దాకానే తీసుకుంటారు. నిర్మల అసలు వయసు పదిహేడే. కాని బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే, ఆమె తండ్రి బుధు “గెడ్డ మీద వంతెన కొట్టుకుపోయిన ఏడు” అన్నాడు. రాసే టీచర్‌కు ఆ ఏడు ఏదో తెలియదు. పిల్ల పొడుగు చూసి ఒక జూన్ నెల తేదీ వేశాడు. నిర్మల పొడగరి కావడంతో కాగితంలో రెండేళ్ళు ముందే పుట్టింది. వచ్చే జూన్‌కు పందొమ్మిది దాటిపోతుంది. ఇంటర్ చదువుతూ నాలుగు నెలలు వెళ్ళడం కుదరలేదు కాబట్టి, ఈ నవంబరే ఆమెకు మొదటిదీ చివరిదీ. దరఖాస్తు నింపింది దుర్గాప్రసాదే కాబట్టి ఇది ఆయనకూ తెలుసు.

ఆయనే అరకు జట్టు కోచ్. కిందటేడు ఆ జట్టు గెలిచింది. అంటే ఈసారి జట్టుకో పేరు చొప్పున సాగే నాలుగు రౌండ్లలోనూ వాళ్ళది ఆఖరి వంతు.

సెలెక్షన్ పరీక్షలకు వారం ముందు ఆయన నిర్మలను బడి వరండాలోకి పిలిచాడు.

“గుంటా, నిన్ను గట్టిగా పరిగెట్టొద్దంతే ఏటంతావు?”

వేళాకోళం అనుకుంది. “ఎందుకు సార్?”

“మన వంతు ఆఖర్న. నువ్వు నీలాగ పరిగెట్టావనుకో, రెండో పేరో మూడో పేరో నీదే. పాడేరోళ్ళు ఎత్తుకుపోతారు. ఏడేళ్ళు నేర్పింది పాడేరోళ్ళకేటి?”

“మొదటి రౌండ్లో మీరే తీసుకుంతే?”

“నా వంతు వచ్చేసరికి నువ్వు మిగలాలి కదే. అందుకే సెప్తన్నాను. పరీక్షల్లో కాస్త తగ్గు. నీ పరుగు కాగితం సూసి ఎవులూ అడగరు. నా నాలుగో పేరు నీది. నా మాట మీద నమ్మకం లేదేటి?”

“అయ్యో, అదేటి సార్,” అంది నిర్మల. అలా అడిగించుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది.

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీ మైదానంలో పరీక్షలు పెట్టారు. నేల చాపలా పరిచినట్టుంది. అంత చదునైన చోట నిర్మల ఎప్పుడూ పరిగెత్తలేదు. కాళ్ళు వాటంతట అవే దూసుకుపోతామంటున్నాయి. ఇరవై మీటర్ల పరుగు బడిలో మూడు పాయింట్ రెండు సెకన్లలో ముగించేది. ఇక్కడ నెత్తిన నీళ్ళ బిందె ఉందనుకుంటూ నడుం బిగబట్టి పరిగెత్తింది. మూడు పాయింట్ తొమ్మిది. తర్వాత బీప్ మోగేలోగా ఈ గీత నుంచి ఆ గీతకు చేరే పరుగు. బడిలో చివరిదాకా నిలిచే నిర్మల ఇక్కడ ఆరో మెట్టులోనే ఆగిపోయింది. ఊపిరి ఇంకా చల్లగానే ఉంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి, గడ్డిని చూస్తూ రొప్పడం నటించింది. పరుగు కన్నా అది కష్టమైంది.

పాడేరు జట్టు కోచ్ హేమలత దగ్గరకు వచ్చింది. “కాలికేమైనా అయిందామ్మా?”

“లేదు మేడమ్.”

హేమలత ఆమె మోకాలి వైపు ఒకసారి చూసి, పలకకు బిగించిన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. దూరంగా దుర్గాప్రసాద్ ఎటో చూస్తూ తల చిన్నగా ఊపాడు. బాగా చేశావన్నట్టు.

మధ్యాహ్నం సెమినార్ హాల్లో డ్రాఫ్ట్. ముందు ఆరు బల్లలు, ఆరుగురు కోచ్‌లు. వెనక వరసల్లో పిల్లలు. పేరు చదివినప్పుడల్లా ఒక పిల్ల లేచి వెళ్ళి జెర్సీ తొడుక్కుంటోంది, చప్పట్లు. నిర్మల కూడా చప్పట్లు కొట్టింది. మిగతా పిల్లలు తమ పేరు రాలేదని బిక్కమొహం వేస్తుంటే, వేరే బల్లవాళ్ళు తన పేరు చదవనప్పుడల్లా ఆమెకు హాయిగా ఉంది. మొదటి రౌండ్ గడిచింది. రెండోది, మూడోది గడిచాయి. అరకు జట్టుకు ముగ్గురు వచ్చారు. నాలుగో రౌండ్‌లో అయిదు జట్లు చదివేశాయి. ఇక ఒక్క పేరు.

దుర్గాప్రసాద్ లేచి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నిర్మల చున్నీ నడుముకు బిగించి సగం లేచింది.

“భానుశ్రీ. అనకాపల్లి.”

కూర్చోవడానికి వీలు లేకపోయింది. ఆమె బయటికి వెళ్ళడానికి లేచిందనుకుని పక్క పిల్ల కాళ్ళు ముడుచుకుంది. ఆ పక్క పిల్లా, ఆ పైనున్న పిల్లా దారి ఇచ్చారు. వరస వరసంతా దారి ఇచ్చాక వెళ్ళకపోతే బాగుండదు. చప్పట్ల మధ్య నిర్మల బయటికి నడిచింది.

కాసేపటికి దుర్గాప్రసాద్ కాగితపు గ్లాసులో టీతో వచ్చాడు.

“ఆ భానుశ్రీ ఆఖరి దాకా మిగుల్తాదని ఎవడనుకున్నాడు? మొదటి రౌండ్లో పోవలసిన గుంట. వదిలెయ్యమంతావా?”

“మరి నాను సార్?”

“నీకేటి. నువ్వు మన పిల్లవి. వచ్చే ఏడు మొట్టమొదటి పేరు నీదే.”

“వచ్చే ఏడు నాకు వయసు దాటిపోద్ది సార్. ఫారం మీరే నింపినారు.”

ఆయన టీ మీద తేలిన మీగడను వేలితో తీసి పారేశాడు. “సూద్దాం. ఏదో ఒకటి సేద్దాంలే,” అని లోపల ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయాడు.

నీళ్ళ డ్రమ్ము దగ్గర హేమలత ఎదురైంది. “నిర్మల కదూ? ఆగస్టులో అనంతగిరిలో నీ ఆట చూశాను. నా రెండో పేరు నీదే అనుకుని వచ్చానమ్మా. పొద్దున నీ పరుగు చూసి నీరుగారిపోయాను. మీ సార్‌ను అడిగితే ఆగస్టు నుంచే మోకాలు బాగోలేదు, పాపం దాచుకుంటోంది అన్నారు. డాక్టరుకు చూపించావా?”

నిర్మలకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక డ్రమ్ము అంచు పట్టుకుంది. నెమ్మదిగా పరిగెత్తమనడం ఒకటి. అది ఇద్దరి మధ్య మాట. ఇది ఆమెకు తెలియకుండా ఆమె కాలు విరగ్గొట్టడం.

“మోకాలు బాగానే ఉంది మేడమ్.”

“మరి పొద్దున అలా ఎందుకు పరిగెత్తావ్?”

జవాబు గొంతు దాకా వచ్చింది. సారే పరిగెత్తొద్దన్నారు అంటే ఒక్క ముక్క. కాని ఆయన హాలు గుమ్మంలో భానుశ్రీ పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాడు. ఏడేళ్ళు ఆట నేర్పినాయన మీద, పట్నంలో, పదిమందిలో చాడీ చెప్పడం ఆమెకు రాలేదు.

“తెల్దు మేడమ్,” అంది.

హేమలత నిట్టూర్చింది. “నా జట్టులో ఎవరైనా తప్పుకుంటే నెలలోపు ఇంకొకరిని తీసుకునే వీలుంది. మోకాలు బాగుందని మీ కోచ్ చేత ఒక ముక్క రాయించి పంపు. ఆ పరుగు కాగితం పక్కన పెట్టుకోవడానికి నాకూ ఒక ఆధారం కావాలి.”

మర్నాడు కిరండూల్ రైల్లో తిరుగు ప్రయాణం. నిర్మల పెట్టె చివర ఒంటరిగా కూర్చుంది. శృంగవరపుకోట దాటాక దుర్గాప్రసాద్ ఎవరి చేతో ఇడ్లీ పొట్లం పంపాడు. విసిరెయ్యాలనుకుంది. ఆకలిగా ఉండి తినేసింది. ఆ తిన్నందుకు చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

పదకొండో రోజు ఆయన పనసగుడ వచ్చాడు. ఏడేళ్ళలో ఆ ఊరు రావడం అదే మొదలు. బండి రోడ్డు మీద వదిలి, కాలిబాటన ఎక్కి, కాఫీ తోటలోకి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. నిర్మల తల్లి సోములమ్మ గోనెసంచి దులిపి పరిచింది. బుధు నడుముకు కట్టుకున్న కాఫీ పళ్ళ సంచి విప్పకుండానే దండం పెట్టాడు.

“ఈ కొండెక్కితే తెలిసింది గుంటా, నీ ఊపిరి ఎక్కణ్ణించి వచ్చిందో,” అన్నాడు దుర్గాప్రసాద్. ఎవరూ నవ్వలేదు. నీళ్ళు తాగి అసలు సంగతికి వచ్చాడు. “ఆ భానుశ్రీ ఉంది సూడు, పరుగు బాగుంది. బంతి పైకొత్తే మాత్రం కళ్ళు మూసేసుకుంతాది. నువ్వొచ్చి పదిహేను రోజులు దాని పక్కనుండి నేర్పాల. బస్సు సార్జీలు, తిండి నాను సూసుకుంతాను.”

“సారు ఇంత దూరం ఎక్కొచ్చినాడు. మాట తీసెయ్యకు,” అన్నాడు బుధు.

నిర్మల చేతిలోని కొమ్మ వదల్లేదు. “వత్తాను సార్. నా మోకాలు బాగుందని హేమలత మేడమ్‌కి ఒక ముక్క రాసియ్యండి. నెమ్మదిగా పరిగెట్టమన్నది మీరేనని కూడా రాయండి.”

దుర్గాప్రసాద్ మొహం మారింది. హేమలత ఆమెతో మాట్లాడిందని ఆయనకు తెలియదు.

“అలగ రాత్తే నాను అబద్ధమాడినట్టవదేటి?”

“మోకాలు బాగుందన్న ఒక్కటే రాయండి సార్. రెండోది వొద్దు.”

“అదీ అంతే కదే.” ఆయన గొంతు తగ్గించాడు. “కోచ్‌గా తీసేత్తారు. నువ్వు సిన్నపిల్లవి, నీకు తెల్దు. నీ గురించి నాను ఇంకోలా ఆలోసిత్తన్నాను.”

“అయితే రాను సార్.”

ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. ఆమె ఎప్పుడూ అనలేదు. ఆయన బుధు వైపు చూశాడు. బుధు నేలవైపు చూస్తున్నాడు. “పిల్లకి పొగరు నేర్పినావు,” అని లేచి, గోనెసంచి మీది మట్టి పంట్లాం నుంచి దులుపుకుంటూ దిగిపోయాడు. వాలులో రెండుసార్లు కాలు జారింది. ఎవరూ పట్టుకోలేదు.

“ఏటి ఆ కాగితం?” అని అడిగాడు బుధు.

అప్పుడు మొదటిసారి చెప్పింది. వరండా, పరుగు, రొప్పు నటించడం, చివరి పేరు, విరగని మోకాలు. సోములమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుధు వింటూనే నాలుగు కొమ్మల పళ్ళు కోశాడు.

“ఆయన సెప్పినాడు. సరే,” అన్నాడు చివరికి. “పరిగెట్టిన కాళ్ళు ఎవులివి?”

“ఊరుకో,” అంది సోములమ్మ.

నిర్మల పక్క చెట్టుకు జరిగి కొమ్మ వంచుకుంది. సాయంత్రం సంచులు దించేదాకా తండ్రి వైపు తిరగలేదు.